తేనె పెట్టెలు పెడితే గెడ్డలో నీళ్ళొస్తాయా? పద్మనాభం వైపు ఓ కొండవాలు మీద చేసిన పని, కేస్ స్టడీ

తేనెటీగలు పెడితే కొండ మీద నీళ్ళు ఆగుతాయా అని ఎవరడిగినా నేను ముందు "ఆగవు" అనే చెప్తా. నీళ్ళని ఆపేది గడ్డి, తుప్పలు, చెట్ల వేళ్ళు, వాటి కింద పేరుకున్న ఆకు చెత్త, మనం పేర్చిన రాతి కట్ట. మరి వాటర్‌షెడ్ పనిలోకి (వాలు మీద పడిన వాన నీటిని అక్కడే ఇంకించే పని) ఈ పెట్టెలెందుకు తెచ్చారు అంటే, ఆ తుప్పల్ని మొదటి మూడు నాలుగేళ్ళు ఎవరూ కొట్టకుండా, తగలబెట్టకుండా ఉండాలి కదా, అందుకు. "కొండ మీద తుప్ప బతికుంటే నాకేంటి?" అనే ఊరి మనిషికి జవాబు ఆ పెట్టెలో దొరుకుతుంది. విశాఖ జిల్లాలో పద్మనాభం, ఆనందపురం మండలాల వైపు గోస్తని నదిలోకి దిగే ఓ చిన్న గెడ్డ (కొండవాగు) ఉంది, దాని పైనున్న వంద ఎకరాల పైచిలుకు వాలు మీద కొన్నేళ్ళుగా మేం చేస్తున్న పని ఇది. ఊరి పేరు వద్దని వాళ్ళే అన్నారు కాబట్టి రాయట్లేదు.

గోస్తని గురించి వైజాగ్ వాళ్ళకి పెద్దగా చెప్పక్కర్లేదు. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల మీదుగా వచ్చి, తాటిపూడి రిజర్వాయర్లో ఆగి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. సిటీ కుళాయిల్లో వచ్చే నీళ్ళలో కొన్ని తాటిపూడివే. అయితే తాటిపూడి దిగువన నదికి నీళ్ళు చేర్చేవి ఇలాంటి చిన్న గెడ్డలే, వీటి గోడు మాత్రం ఎవరికీ పట్టదు. మా గెడ్డ ఒకప్పుడు సంక్రాంతి దాటాక కూడా పారేదని పెద్దాళ్ళు చెప్తారు, మేం వెళ్ళేసరికి వాన పడిన పూట ఎర్రగా ఉరకడం, నాలుగు రోజులకి ఇసక తేలిపోవడం, అంతే.

వాలు ఎలా ఉండేదో చెప్తా. పైన సగం నరికేసిన నీలగిరి మోళ్ళు, కింద జీడి తోటలు, మధ్యలో బోడి. మన కొండలు ఎక్కువగా ఖొండలైట్ రాయి, అది కుళ్ళి ఎర్రమట్టి అవుతుంది, మీద కప్పు లేకపోతే ఒక్క గట్టి వానకే చారలు పడి ఆ చారలే రెండేళ్ళకి గోతులవుతాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు పెద్ద చెట్లు చాలా మటుకు పడిపోయాయి, పడినవి కట్టెలకింద వెళ్ళిపోయాయి, వాటి బదులు ఎవరూ ఏమీ పెట్టలేదు. 2000లో నీరు-మీరు అనే ప్రభుత్వ నీటి సంరక్షణ పథకం అప్పుడు తవ్విన కందకాల ఆనవాళ్ళున్నాయి, తరవాత ఉపాధి హామీలో వాటి పక్కనే మళ్ళీ తవ్వారు, అవీ పూడిపోయాయి. కందకం తవ్వడం తప్పు కాదు, దాని పైనున్న మట్టిని పట్టుకోడానికి గడ్డి లేకపోతే కందకం అనేది మట్టి నింపే గొయ్యి మాత్రమే. మరి గడ్డి ఎందుకు లేదంటే నిప్పు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ఏటా కొండ కాలేది. కొత్త గడ్డి మొలవాలని మేకలోళ్ళు పెడతారు, జీడిగింజ ఏరుకోడానికి కింద శుభ్రంగా ఉండాలని తోటలోళ్ళు పెడతారు, రాతి బండ కింద పెద్ద తేనె పట్టు కోసం రాత్రిపూట కాగడా పట్టుకెళ్ళినవాళ్ళ చేతిలోంచి రవ్వలు పడతాయి. ఎవరి కారణం వాళ్ళకుంది, ఎవరినీ దుర్మార్గులనడానికి లేదు.

రామకోవెల దగ్గర మొదటి మీటింగ్ పెట్టినప్పుడు ఓ తాత లేచి "ఏటి బాబూ, ఈగలొచ్చి కొండకి నీల్లు మోత్తాయేటి?" అన్నాడు, అందరూ ఒకటే నవ్వు. "ఈగలు మొయ్యవు తాతా, కొండ కాలకపోతే నీళ్ళు అవే దిగుతాయి, కాలకుండా చూసేది మీరు, చూసినందుకు తేనె మీది" అన్నాను. ఆయన ఊరుకోలేదు, "తేనె సరే, కుడితే పూచీ ఎవులిది?" అన్నాడు. అది అసలైన ప్రశ్న. అందుకే పెట్టెలు ఎక్కడ పెట్టాలన్నది ముందు ఆ తాతతోనే కూర్చుని తేల్చాం, పశువులు తోలే దారికి, బడి పిల్లలు నడిచే దారికి దూరంగా, గుమ్మాలు కొండవైపు తిరిగి ఉండేలా. ఈగ కుడితే మామూలు వాపు కాకుండా ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం వచ్చే వాళ్ళు ప్రతీ ఊళ్ళో ఒకరిద్దరుంటారు, వాళ్ళని పెట్టెల పనిలోకి అస్సలు రానివ్వకూడదు, అలాంటిది జరిగితే పసుపు రాస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఏ ఈగ అన్నది రెండో తగువు. పక్క ఊళ్ళో అంతకుముందు ఒక సంస్థ వాళ్ళు ఇటాలియన్ ఈగల పెట్టెలు పంచి ఫొటోలు దిగి వెళ్ళిపోయారు, వానాకాలం దాటేసరికి ఆ పెట్టెల్లో కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి. ఆ ఇటాలియన్ ఈగ, అంటే మెల్లిఫెరా, మంచి ఈగే, ఒక పెట్టెకి ఏడాదికి పాతిక ముప్పై కిలోలు తీసేవాళ్ళున్నారు, కానీ దానికి పూత ఎక్కడుంటే అక్కడికి పెట్టెలు లారీలో వేసుకుని తిరగాలి. లారీలో తిరిగే పెట్టె ఏ కొండకీ కాపలా కాయదు. మాకు కావలసింది ఊళ్ళోనే ఉండి ఆ కొండ మీదే బతికే ఈగ, అంటే మన పుట్ట తేనెటీగ, అపిస్ సెరానా. ఇది మేతకి కిలోమీటరు, మహా అయితే కిలోమీటరున్నర పోతుంది. తేనె తక్కువ, బాగా చూసుకుంటే ఏడాదికి ఐదారు కిలోలు, మంచి చోట ఎనిమిది. ఆ తక్కువ దూరమే మాకు పనికొచ్చింది, ఎందుకంటే పెట్టెలో తేనె తగ్గిందంటే కారణం కళ్ళెదురుగా ఉన్న వాలు మీదే ఉంటుంది, ఆ సంగతి పెట్టె యజమానికి ఎవరూ చెప్పక్కర్లేదు. సెరానాకి రోగం భయం మాత్రం ఉంది, 1990ల మొదట్లో ఈగ పిల్లల్ని చంపే థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ దక్షిణాదిలో ఈ ఈగల్ని ఊడ్చిపెట్టేసింది. అందుకని బయట ఊళ్ళ నుంచి ఈగలు కొనకుండా ఆ కొండ చుట్టుపక్కల పుట్టల్లో, తాటి మోళ్ళలో, పాత గోడల్లో ఉన్నవాటినే పట్టి పెట్టెల్లోకి దించాం.

ఆ దించడం చూడాల్సిన పని. సాయంత్రం ఎండ తగ్గాక పుట్ట పక్కనుంచి మెల్లిగా తవ్వి, కొబ్బరి పీచు పొగ రెండు ఊదులు ఊది (ఎక్కువ ఊదితే అన్నీ కంగారుగా బయటికొచ్చేస్తాయి), ఒక్కో అట్టని (ఈగలు కట్టుకున్న మైనపు గళ్ళ పలక) మైనం చిట్లకుండా కోసి, తేనె ఉన్న పై భాగం వేరు చేసి, ఈగ పిల్లలున్న భాగాన్ని ఫ్రేములో పెట్టి అరటి నారతో కట్టాలి. రెండు మూడు రోజుల్లో ఈగలే అట్టని ఫ్రేముకి మైనంతో అతికించేసి నారని కొరికి ముక్కలు ముక్కలుగా గుమ్మంలోంచి బయట పారేస్తాయి, పొద్దున్నే పెట్టె ముందు నార పోగులు కనపడ్డాయంటే అవి ఉండడానికి ఒప్పుకున్నట్టే. రాణి దొరికితే సగం పని అయినట్టు, గుమ్మానికి రాణి గేటు పెడితే కూలి ఈగలు తిరుగుతాయి, రాణి మాత్రం దాటలేదు, వారం పోయాక తీసెయ్యొచ్చు. పెట్టెలు చూసుకునే మా ఊరి గ్రూపులో ఒక అక్క రాణిని మాకంటే ముందు కనిపెట్టేది. "అదేం పెద్ద పని బాబూ, మిగతావన్నీ దాని చుట్టూ మొహం తిప్పుకుని నిలబడతాయి కదా" అనేది.

పాతిక పెట్టెలతో మొదలెట్టాం, ఐఎస్ఐ ప్రమాణంలో ఏ టైప్ అనే రకం, ఎనిమిది ఫ్రేములవి, ఇనప స్టాండు మీద. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, లేకపోతే ఒక్క రాత్రిలో చీమలు పెట్టె ఖాళీ చేసేస్తాయి.

ఇప్పుడు అసలు విషయం, పూత. వాటర్‌షెడ్ పనుల్లో మొక్కల లిస్టు ఎలా తయారవుతుందో చేసినవాళ్ళకి తెలుసు, నర్సరీలో ఏముంటే అది. టేకు, సరుగుడు, మళ్ళీ నీలగిరి. మేం ముందు ఏడాది పొడుగునా ఏ నెలలో ఆ వాలు మీద ఏం పూస్తోందో, ఈగలు కాళ్ళకి ఏ రంగు పుప్పొడి తెస్తున్నాయో రాసుకున్నాం. డిసెంబర్ చివరి నుంచి మామిడి, జనవరి నుంచి మార్చి దాకా జీడి, ఆ వెనకే వేప, నేరేడు, ఏప్రిల్ మేలో కానుగ, తరవాత చింత, అక్కడికి బండి బాగానే నడుస్తుంది. వానలు పట్టాక ఆగిపోతుంది. జూలై నుంచి సెప్టెంబర్ దాకా కొండ పచ్చగా ఉంటుంది, కానీ ఆ పచ్చదనంలో పువ్వు తక్కువ, పైగా ముసురుకి ఈగ బయటికి రాలేదు. కింద పొలాల్లో మొక్కజొన్న ఉంటే పుప్పొడి దొరుకుతుంది, మకరందం దొరకదు. పక్క ఊళ్ళో ఇటాలియన్ పెట్టెలు పోయింది ఈ నెలల్లోనే.

ఆ గ్యాప్‌లో ఈగల్ని బతికించినవి ఏంటంటే ఎవరూ లెక్కలోకి తీసుకోని ముళ్ళ తుప్పలు, రేగు, పరికి. వానల్లో చిన్న చిన్న పచ్చటి పూలు పూస్తాయి, దగ్గరికెళ్తే తప్ప కనపడవు, ఒక్కో తుప్ప మీద వందల ఈగలు. జీడి తోట బాగుచెయ్యడం అంటే మొదట కొట్టేసేది వీటినే. దాంతో మా మొక్కల లిస్టు తలకిందులైంది, టేకు పక్కన పెట్టి వావిలి అడిగాం. వావిలి కొమ్మ గుచ్చితే బతుకుతుంది, మేక మూతి పెట్టదు, వేళ్ళు మట్టిని గట్టిగా పడతాయి, వానల్లో ఊదారంగు పూత వస్తే ఈగలు వదలవు. గోతుల అంచుల్లో, రాతి కట్టలకి రెండు చివర్లా, కందకాల పైగట్టున వరసగా గుచ్చుకుంటూ పోయాం. గెడ్డ ఒడ్డున తెల్లమద్ది, నేరేడు, కానుగ. అక్టోబర్ తరవాత పూత కోసం కుంకుడు పెట్టాం, అది ఎదగడానికి చాలా ఏళ్ళు పడుతుంది గాని పూసిందంటే ఈగలకి పండగే. కింద మెట్టల్లో ఉలవలు మళ్ళీ వెయ్యమని బతిమాలాం, నవంబర్ డిసెంబర్‌లో పూస్తుంది, నేలనీ కప్పుతుంది. ఉలవచారు కోసమైనా వెయ్యండి అంటే కొందరు వేశారు.

నీలగిరి దగ్గర మాత్రం నాకూ పెట్టెలవాళ్ళకీ పడలేదు. నీలగిరి పూస్తే ఈగలకి మంచి తేనె, దాన్ని తియ్యొద్దు అని వాళ్ళంటారు, దాని కింద గడ్డి సరిగ్గా రాదు, వాలు బోడిగా మిగులుతుంది అని నేనంటాను. చివరికి వాలు నెత్తి మీద మోళ్ళు మాత్రం చిగుర్లు విరిచేస్తూ చంపి, కింద గట్టు వెంబడి ఒక వరస ఉంచాం. ఇది శాస్త్రం కాదు, రాజీ.

ఈగలు కొండకి చేసే రెండో మేలు గింజ. కానుగ, కరక్కాయ, మద్ది లాంటి చెట్లకి పువ్వు నుంచి పువ్వుకి పుప్పొడి మోసే పురుగు రాకపోతే కాయ సరిగ్గా పడదు, కాయ లేకపోతే తనంతట తాను మొలిచే మొక్క ఉండదు, అప్పుడు జన్మంతా నర్సరీ మీదే ఆధారపడాలి. ఆంధ్రా యూనివర్సిటీలో సి. సుబ్బారెడ్డి గారు, ఎ.జె. సాలమన్ రాజు గారు తూర్పు కనుమల మొక్కల పరాగసంపర్కం మీద ఏళ్ళ తరబడి పని చేశారు, మన కొండ మొక్కలకి ఏ పురుగు ఏ పువ్వు మీద వాలుతుందో తెలుసుకోవాలంటే వైజాగ్ దాటి వెళ్ళక్కర్లేదు. అందులోంచి నేను పట్టుకున్న ముక్క ఒకటే, కొండకి ఒక్క పెట్టె ఈగే సరిపోదు, పెద్ద తేనెటీగ, చిన్న తేనెటీగ, ముసురు ఈగలు (కుట్టని బుల్లి తేనెటీగలు), మట్టిలో గూడు పెట్టుకునే ఒంటరి ఈగలు అన్నీ కావాలి. తంగేడు పువ్వు చూడండి, దాని పుప్పొడి రాలాలంటే పెద్ద తుమ్మెద వచ్చి ఝుమ్మని ఒళ్ళు అదిరించాలి, మన పెట్టె ఈగకి ఆ పని చేతకాదు. అందుకే డిమాండ్ ఉన్నా పెట్టెలు నలభై దాటనివ్వలేదు, పూత తక్కువ ఉన్న వాలు మీద పెట్టెలు గుమ్మరిస్తే అడవి ఈగల నోటికాడ కూడు లాక్కోవడమే.

జీడి తోటల మందు గొడవ లేకుండా ఈ కేసు పూర్తి కాదు. జీడికి టీ దోమ (రసం పీల్చే ఓ పురుగు) పెద్ద శత్రువు, చిగురు మీద, పూత మీద, పిందె మీద మందు కొట్టమని చెప్తారు, ఎక్కువమంది కొట్టేది లామ్డా సైహలోత్రిన్, అది ఈగకి విషం. మొదటి సీజన్‌లో ఓ తోటాయన పొద్దున్న తొమ్మిదింటికి పూత మీద కొట్టాడు, మధ్యాహ్నానికి మూడు పెట్టెల ముందు చచ్చిన ఈగలు చేటలతో ఎత్తేటన్ని, కొన్ని ఇంకా నేల మీద గిరగిరా తిరుగుతున్నాయి. పెట్టెలవాళ్ళు కర్రలు తీశారు. పంచాయితీలో తేలింది ఏంటంటే, చిగురు దశలో కొట్టుకోవచ్చు, పూత విచ్చాక తప్పనిసరైతేనే, అదీ పొద్దు వాలి ఈగలు గూటికి చేరాకే, ముందురోజు కబురు పెట్టాలి, ఆ రాత్రి గుమ్మాలకి జాలీ వేసి మర్నాడు కాస్త ఆలస్యంగా తియ్యాలి. రోజుల తరబడి పెట్టె మూసి ఉంచలేం, లోపల పిల్ల దగ్గర 33 నుంచి 36 డిగ్రీలు ఉండాలి, గాలాడకపోతే ఉడికిపోతాయి. అది అందరూ పాటిస్తున్నారా అంటే ఎక్కువమంది. ఈగలొచ్చాక జీడి కాపు పెరిగిందని వాళ్ళే చెప్తున్నారు, అయితే ఆ ఏడాది పూత టైములో మంచు కూడా తక్కువే పడింది, కాబట్టి ఈగల వల్లే అని నేను రాయను.

వానాకాలం ఎలా గట్టెక్కించాం అంటే, పంచదార, నీళ్ళు సమానంగా కలిపిన పాకం సాయంత్రం పూట లోపల పెట్టడం, ఖాళీ అట్టలు తీసెయ్యడం. ఈగలు కప్పలేనన్ని అట్టలు లోపల ఉంటే మైనపు పురుగు దూరుతుంది, తెల్లటి సాలెగూడు లాంటి సొరంగాలు చేసుకుంటూ అట్ట మొత్తం తినేస్తుంది, అప్పుడు సెరానా ఇంక బాగుచేసుకోదు, లేచి వెళ్ళిపోతుంది. పెద్ద కందిరీగలు గుమ్మం ముందు కాపు కాసి ఒక్కొక్కదాన్నే ఎత్తుకుపోతాయి, గుమ్మం సన్నం చెయ్యడమే మందు. పసరిక పిట్టల్ని తోలడం దండగ, నాలుగు తిని పోతాయి. పాకం పోసిన నెలల్లో తేనె తియ్యకూడదు అన్న రూల్ మాత్రం గట్టిగా పెట్టాం, ఒకరు తప్పినా మొత్తం ఊరి తేనె పేరు పోతుంది.

నిప్పు విషయానికొస్తే, మార్పు తెచ్చింది పెద్ద పట్టు తీసే మనిషే. ఆయన్ని దొంగలా చూడకుండా గ్రూపులో కలుపుకున్నాం, ముఖానికి వల, పొగ డబ్బా ఇచ్చాం, కాగడా మానేశాడు, పట్టులో తేనె తలకాయ మాత్రం కోసి పిల్ల భాగం వదిలేస్తున్నాడు, కొన్నాళ్ళకి అదే పట్టు మీద ఇంకోసారి తేనె వస్తోంది కాబట్టి ఆయనకీ నష్టం లేదు. ఇప్పుడు కొండ మీద పొగ లేస్తే ముందు ఫోన్ చేసేది ఆయనే. మేకలోళ్ళకి గెడ్డ కుడివైపు వాలు వదిలి, ఎడమవైపు మూడేళ్ళు మూసేశాం, గడ్డి కోసుకెళ్ళొచ్చు గాని మేపకూడదు. జనవరిలో వాలు చుట్టూ నాలుగు బారల వెడల్పున గడ్డి చెక్కి ఫైర్‌లైన్ తీస్తారు, కూలి డబ్బులు తేనె అమ్మకంలోంచి పక్కన పెట్టిన వాటా నుంచి ఇస్తారు. అయినా ఒక ఏడు మంట లేచింది, పైనున్న సగం కాలింది, కింద పెట్టెలున్న వైపు మాత్రం ఊరు ఊరంతా వచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేసింది. నేను ఈ పని మొదలెట్టినప్పుడు కోరుకున్నది సరిగ్గా ఇదే.

తేనె డబ్బు గురించి ఆశలు పెంచను. పెట్టెకి ఐదారు కిలోలంటే ఇంటికి పండగ ఖర్చు, బతుకుతెరువు కాదు. సెరానా తేనెలో నీరు ఎక్కువ ఉంటుంది, రూల్ ప్రకారం 20 శాతం దాటకూడదు, అందుకని గళ్ళకి మైనం మూత ముప్పాతిక వంతు పడితే గాని తియ్యనివ్వం. సిటీలో అపార్ట్‌మెంట్లకి, రైతు బజార్ దగ్గర అమ్ముతున్నారు. చలికాలంలో గడ్డకడితే "పంచదార కలిపారు" అని సీసా వెనక్కిచ్చేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, మంచి తేనె కూడా గడ్డకడుతుందండి, గోరువెచ్చటి నీళ్ళలో సీసా పెట్టండి చాలు. 1956 నుంచి నడుస్తున్న గిరిజన సహకార సంస్థ హెడ్డాఫీసు మన వైజాగ్‌లోనే ఉండడం వల్ల ఇక్కడి జనానికి కొండ తేనె రుచి తెలుసు, అది మాకు కలిసొచ్చింది.

నీళ్ళ సంగతి. గెడ్డ పక్కన దిగుడు బావి ఉంది, మా మీటర్ అదే, నెలనెలా ఎన్ని మెట్లు బయటపడ్డాయో ఓ గుంటడు బొగ్గుతో గోడ మీద రాస్తాడు. మొదటి ఏడు ఫిబ్రవరి ఆఖరికే అడుగు కనపడింది, ఇప్పుడు అదే టైముకి అడుగు మెట్లు నీళ్ళలోనే ఉంటున్నాయి. గెడ్డ దీపావళి దాటాక కూడా సన్నగా పారుతోంది, సంక్రాంతి దాకా ఇంకా రాలేదు. వాన నీళ్ళు మునుపటంత ఎర్రగా రావట్లేదు, రాతి కట్టల వెనక మట్టి పట్టి అందులో గడ్డి లేచింది. దీంట్లో రాతి కట్టల వాటా ఎంత, తుప్పల వాటా ఎంత, మంచి వానలు పడిన ఏడాది వాటా ఎంత అని విడదీసి చెప్పడం నావల్ల కాదు. కట్టలు అంతకుముందూ కట్టారు, అప్పుడు నిలవలేదు, ఇప్పుడు నిలిచాయి, మధ్యలో మారింది నిప్పు ఆగడం, తుప్ప మిగలడం.

ఇప్పుడున్న తలనొప్పి వేరే. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి ఈ చుట్టుపక్కల లేఅవుట్లు పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి, వాలు కింద జీడి తోట ఒకటి చేతులు మారింది, కొత్తాయన జేసీబీ పెట్టి పరికి, రేగు అంతా ఒక్క రోజులో తోసేశాడు. అక్కడున్న పెట్టెల్ని రాత్రికి రాత్రి గుమ్మాలు మూసి చెరువు గట్టు కానుగ చెట్ల కిందికి మార్చాం, కొత్త చోటు పాత మేత దూరంలోనే ఉండడంతో కొన్ని ఈగలు పాత చోటికే వెళ్ళి తిరిగాయి, రెండు పెట్టెలు బలహీనపడ్డాయి. గెడ్డకి ఇటు అటు పది మీటర్లు వావిలి వరస కదపకుండా ఉంచితే ప్రహరీ ఖర్చులో సగం గ్రూపే రాతి కట్ట రూపంలో కట్టిస్తుందని ఆయనకి కబురు పెట్టాం. ఆయన తేనె రెండు సీసాలు తీసుకున్నాడు, జవాబు ఇంకా ఇవ్వలేదు, వానలు పడేలోపు ఇవ్వకపోతే తహసీల్దార్ ఆఫీసులో గెడ్డ పోరంబోకు కొలిపించమని అర్జీ రాసి పెట్టుకున్నాం.